సగం తిరిగిచ్చే స్వామి ఊళ్ళో మా ఆదివారం

వేసవి సెలవులు మొదలయ్యాయో లేదో పేపర్లో ఒక పేజీ వస్తుంది, మీరూ చూసే ఉంటారు. శని ఆదివారాల్లో చుట్టుపక్కల చూసిరాదగ్గ చోట్లు అని. మా వైపైతే ఆ జాబితా ఏటా ఒకటే. మంగళగిరి కొండ, ఉండవల్లి గుహలు, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం, బాపు మ్యూజియం, కొండపల్లి ఖిల్లా, అమరావతి. ఎంత దూరం, ఎన్నింటికి తెరుస్తారు, టికెట్టెంత, పడవ ఎక్కడ ఎక్కాలి, అన్నీ రాస్తారు. ఒక్కటి మాత్రం రాయరు. వీళ్ళంతా తిరిగి తిరిగి ఇంటికొచ్చేసరికి అన్నం ఎవరు వండి పెట్టాలి?

అది రాయక్కర్లేదు లెండి, అందరికీ తెలుసు.

నేను కాపురానికి మంగళగిరి వచ్చి 19 ఏళ్ళయింది. చుట్టాలందరూ నన్ను చూసి కుళ్ళుకుంటారు. "మీకేంటమ్మా, గుమ్మం దిగితే గుడి, ఆటో ఎక్కితే కృష్ణ" అని. నిజమే. ఆ గుడి, ఆ కృష్ణ చూడ్డానికి వచ్చిన వాళ్ళకి వండిన ఇడ్లీలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మా గాలి గోపురమంత అవుతాయి. అది 11 అంతస్తులు, 153 అడుగులు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807లో మొదలుపెట్టి రెండేళ్ళలో పూర్తి చేయించాడట. నా గోపురానికి 19 ఏళ్ళు పట్టింది, ఇంకా కడుతూనే ఉన్నాను.

మొన్న మే మొదటి వారాంతంలో మా ఆడపడుచు వాళ్ళు హైదరాబాద్ నుంచి వచ్చారు. నలుగురు. మంచివాళ్ళు, నాకు వాళ్ళతో పేచీ ఏమీ లేదు. శనివారం పొద్దున్నే అందరూ కొండకి బయల్దేరారు, ఎండ ముదరకముందే వెళ్ళాలని. అంటే నేను నాలుగున్నరకి లేచాను. కాఫీలు, పిల్లలకి పాలు, ఇడ్లీలు, దారిలో తినడానికి పులిహోర. వాళ్ళు కొండ దిగి, అట్నుంచి అటే ఉండవల్లి చూసుకుని ఒంటిగంటకి వచ్చారు. అప్పటికి ముద్దపప్పు, కొత్తావకాయ, దొండకాయ వేపుడు, పులుసు, వడియాలు సిద్ధం. తిని పడుకున్నారు. లేచేసరికి పునుగులు. సాయంత్రం బ్యారేజీకి వెళ్ళారు, గాలి బాగుంటుందని. నేను అంట్లు సర్దుకుని రాత్రికి చపాతీ పిండి కలిపాను. ఆదివారం భవానీ ద్వీపం. వంట మారింది, వంటమనిషి మారలేదు.

ఆ శనివారం పొద్దున గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆడపడుచు కూతురు అడిగింది, "అత్తా, నువ్వు రావా?" అని. నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయి జవాబు చెప్పేసింది. "అమ్మ రాదులే. అమ్మకి ఇలాంటివి ఇష్టం ఉండవు."

వెటకారంగా అనలేదండీ. అమ్మకి కాకరకాయ ఇష్టం ఉండదు అన్నట్టు, మామూలుగా అంది. అది పదో తరగతి పరీక్షలు రాసింది. జూన్‌లో ఇంటర్మీడియట్‌కి హాస్టల్లో చేరుతుంది. మా జిల్లాల్లో ఇంటర్ హాస్టలంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఆదివారం కూడా పరీక్షే. ఆ తర్వాత ఇంజినీరింగో ఇంకోటో, ఎక్కడో దూరంగా. అంటే అది ఇంట్లో ఉండే చివరి వేసవి ఇది. పదహారేళ్ళు నా పక్కన పెరిగిన పిల్ల నా గురించి తెలుసుకుని వెళ్తున్నది ఇదా? అమ్మకి బయటికి రావడం ఇష్టం ఉండదు అనా?

నాకు ఇష్టం ఉండదా! చిన్నప్పుడు మా ఊళ్ళో కాలవ గట్టు మీద నన్ను వెతుక్కుని తీసుకురావడం మా నాన్నకి రోజువారీ పని. నేనెప్పుడు ఇష్టం లేనిదాన్నయ్యాను?

ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. 19 ఏళ్ళలో కొండ మీదికి నాలుగుసార్లు వెళ్ళాను, అందులో రెండు మొక్కులు. ఉండవల్లి ఒక్కసారి, పెళ్ళయిన కొత్తలో. భవానీ ద్వీపం అసలు చూడలేదు. విజయవాడ మాత్రం వందలసార్లు వెళ్ళాను. డాక్టరు, పుస్తకాలు, యూనిఫారాలు, పెళ్ళి బట్టలు. బ్యారేజీ మీద నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, దాని మీద ఒక్కసారీ ఆగలేదు.

మావారితో అన్నాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తి, "నిన్నెవరు రావద్దన్నారు?" అన్నారు.

ఈ మాట గురించే ఇవాళ రాయాలని కూర్చున్నాను. మీలో ఈ మాట వినని వాళ్ళుంటే చెప్పండి, పసుపు కుంకుమలు పెట్టి దండం పెడతాను. నిన్నెవరు రావద్దన్నారు? ఎవరూ అనలేదు. నిజమే. కానీ ఒంటిగంటకి అన్నం ఉండాలని కూడా ఎవరూ నోటితో అనలేదు కదా? అది అనకుండానే అర్థం కావాలి, రమ్మనడం మాత్రం అనకపోయినా ఉన్నట్టే అనుకోవాలి. ఆరుగురు పట్టే కారులో ఏడుగురు సర్దుకుంటారు, ఎనిమిదో మనిషి దగ్గరికొచ్చేసరికి కారు నిండిపోతుంది. ఆ ఎనిమిదో మనిషి ఎవరో ముందే తెలుసు కాబట్టి ఎవరూ లెక్క పెట్టరు. రావద్దనడం కంటే ఇది తేలిక. వద్దంటే పోట్లాడచ్చు. ఎవరూ వద్దనకపోతే ఎవరితో పోట్లాడతాం?

ఇక్కడ నేను గమనించింది ఒకటుంది. దూరం ఊళ్ళకి వెళ్ళినప్పుడు ఈ బాధ తక్కువ. అరకు వెళ్తే వంటిల్లు వెంట రాదు, హోటల్లో తినాల్సిందే, కాబట్టి అమ్మ కూడా మనిషిలా తిరుగుతుంది. (దాని బాధలు దానికున్నాయి. రెండ్రోజుల ప్రయాణానికి ముందు ఒక రోజు సర్దుడు, వచ్చాక రెండ్రోజులు ఉతుకుడు.) దగ్గర్లో ఉన్నవాటితోనే చిక్కు. "ఎంత దూరం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసి తినేద్దాం" అంటారు చూడండి, అక్కడే మన కాళ్ళకి తాడు పడుతుంది. ఊరు ఎంత దగ్గరైతే ఆడదానికి అంత దూరం. ఉండవల్లి మా ఇంటికి ఏడెనిమిది కిలోమీటర్లు. నాకు పద్దెనిమిదేళ్ళ దూరం.

అందుకని తర్వాతి వారం ఒక మాట చెప్పాను. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా బయటికి వెళ్తున్నాం. దూరం కాదు, ఇక్కడే. కానీ ఆదివారం పొయ్యి వెలగదు. టిఫినుకీ వెలగదు, కాఫీకీ వెలగదు.

మా అబ్బాయి మూతి ముడుచుకున్నాడు, వాళ్ళకి మాల్ కావాలి. మావారు "బయట తిండి, ఈ ఎండల్లో..." అని మొదలుపెట్టారు. ఆఫీసు రోజుల్లో సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తినేటప్పుడు ఎండలుండవు కాబోలు. మా అత్తగారు ఏమంటారోనని నేను భయపడింది నిజం. ఆవిడ కాసేపు ఊరుకుని, "కొండ మీదికి కార్లు వెళ్తాయటగా. నేను స్వామిని చూసి పదేళ్ళు దాటింది. నన్నూ తీసుకెళ్తారా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆవిడ ఈ ఇంటికొచ్చి 46 ఏళ్ళు. నేను రాకముందు ఆ వంటింట్లో ఉన్నది ఆవిడే కదా. నేనొచ్చాక కూడా పిల్లల్ని చూసుకోవాలనో, ఇంటికి తాళం ఎందుకనో ఆవిడే ఉండిపోయేవారు. ఇంతకాలం నా లెక్కే వేసుకున్నాను, ఆవిడ లెక్క వెయ్యలేదు.

శనివారం నాలుగింటికి ఉండవల్లి వెళ్ళాం. పెద్దవాళ్ళకి పాతిక రూపాయల టికెట్టు, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి లేదు. బయట రాయి కాలుతోంది, లోపలికి అడుగుపెడితే చల్లగా ఉంది. కొండని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి నాలుగంతస్తులు చేశారు. విష్ణుకుండినుల కాలం నాటిదంటారు, అంటే పదిహేను వందల ఏళ్ళ పైమాట. మొదట బౌద్ధ భిక్షువుల కోసం తొలిచారని కూడా చెప్తారు. పై అంతస్తులో అనంతపద్మనాభ స్వామి, ఒకే రాతిలో, గది పొడుగునా పడుకుని ఉంటాడు. మా అత్తగారు మెట్ల దగ్గరే ఆగిపోయారు. నేనూ, అమ్మాయీ పైకెళ్ళాం. స్వామి పాదాల దగ్గర నించుని చాలాసేపు చూశాను. నన్ను అడిగితే, పడుకుని ఉన్న దేవుణ్ణి చూస్తేనే ఒళ్ళు నొప్పులు సగం తగ్గుతాయి. బయట వసారాలోంచి చూస్తే కింద పచ్చగా తోటలు, అవతల ఏటి వైపు నుంచి గాలి.

మా మంగళగిరి కొండ మీద ఒక బిలం ఉంది. అది ఉండవల్లి గుహల దాకా వస్తుందని, మునులు అందులోంచి కృష్ణకి స్నానానికి వచ్చేవాళ్ళని చిన్నా పెద్దా అందరూ చెప్తారు. ఆ కథ చెప్తే మా అమ్మాయి, "ఆ దారి మన వంటింట్లోంచి ఉంటే బాగుండేదమ్మా, కుక్కరు కూతలేసేలోగా వచ్చి చూసెళ్ళేదానివి" అంది. నవ్వాను. అది మాత్రం నవ్వలేదు, నా వంక చూసింది. "నువ్వు నిజంగా ఇదివరకు ఒక్కసారే వచ్చావా?" అంది.

అక్కణ్ణుంచి సీతానగరం, బ్యారేజీ. పేపరు పేజీలో దాని పొడుగు 1,223 మీటర్లని, 1957లో పూర్తయిందని, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారని ఉంటుంది. అంతకుముందు అక్కడే ఇంగ్లీషువాళ్ళు 1855లో పూర్తిచేసిన ఆనకట్ట ఉండేది. నాకు నచ్చింది వేరే. మే నెలలో దాని మీద నించుంటే ఒక పక్క నిండు నీళ్ళు, ఇంకో పక్క ఇసుక తిన్నెలు. డెల్టాలో కాలవలు కట్టేసే రోజులు కదా, నీళ్ళన్నీ పైనే ఆపి ఉంచుతారు. ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు ఒక్కొక్కటీ వెలిగాయి. ముంతమసాలా తిన్నాం. మా అత్తగారు నీళ్ళ వైపు తిరిగి కూర్చుని లేవనన్నారు. ఖర్చు కారు పెట్రోలు, ముంతమసాలా. ఇంతే.

రాత్రి ఇంటికొచ్చి కుక్కరొకటి పెట్టి, ఆ అన్నంలో పాలు పోసి తోడేశాను. అది శనివారం లెక్క, ఆదివారం లెక్క కాదు.

ఆదివారం ఆరింటికల్లా కొండ మీద ఉన్నాం. పిల్లలు, నేను మెట్ల మీద, మావారూ అత్తగారూ కారులో. ఎవరైనా వేసవిలో వస్తే నా మాట విని తెల్లారకముందే బయల్దేరండి. తొమ్మిది దాటితే మెట్లు పెనంలా కాలతాయి, చెప్పుల్లేని కాళ్ళకి నరకం. మధ్యాహ్నం దాటాక గుడి మూసేస్తారు, రాత్రిళ్ళు దేవతలొచ్చి కొలుస్తారని.

పానకాల స్వామి సంగతి మీకు తెలిసిందే. నోరు తెరుచుకున్న ముఖం తప్ప విగ్రహం ఉండదు. శంఖంతో బెల్లం పానకం పోస్తుంటే గుటకలేసిన చప్పుడు వినిపిస్తుంది. చిన్న బిందె పోసినా, పెద్ద బిందె పోసినా స్వామి సగమే తాగి, మిగతా సగం భక్తులకి వదిలేస్తాడని నమ్మకం. అంత బెల్లం ఒలికే చోట చీమ కనపడదంటారు. నేను అయిదోసారి చూడ్డం. కానీ ఈసారి నాకు ఒకటే తోచింది. ఎంత పోసినా సగం తిరిగిచ్చే దేవుడి కొండ కింద కాపురముంటూ, 19 ఏళ్ళుగా ఆదివారాలన్నీ పోశాను. మా ఇంట్లో గుటకల చప్పుడు తప్ప సగం వెనక్కి రావడం లేదు. తప్పు తాగినవాళ్ళదేనా? సగం దగ్గర బిందె ఎత్తేయాల్సింది నేను కదా.

దిగాక హోటల్లో టిఫిను. ఐదుగురికి నాలుగొందలు దాటింది. మావారు బిల్లు రెండుసార్లు చూశారు. నా పెసరట్టు ఇంకొకరు వేసి, వేడిగా నా ముందుకి తెచ్చి పెడితే ఎలా ఉంటుందో ఆ నాలుగొందలతో తెలిసింది. కొంచెం ఉప్పు తక్కువైంది, ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

తర్వాత చేసిన పని పేపరు జాబితాల్లో సాధారణంగా ఉండదు. మగ్గం చూడ్డానికి వెళ్ళాం. మా పిల్లలు మంగళగిరిలో పుట్టి పెరిగారు, బీరువా నిండా మంగళగిరి చీరలు, ఒక్కసారి గుంట మగ్గం మీద నేత చూడలేదు. తెలిసినవాళ్ళ ఇంటికెళ్ళాం. గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆయన నేస్తుంటే, నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే మాల్ కావాలన్న మా వాడు గంటసేపు కదల్లేదు. నిజాం అంచు ఎలా వస్తుందో అడిగి చెప్పించుకున్నాడు. మా అమ్మాయి మాత్రం మూల కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతున్న వాళ్ళావిడ దగ్గర కూర్చుంది. "మీకు దీనికి ఎంతిస్తారండీ?" అని అడిగింది. ఆవిడ నవ్వి, "దీనికి వేరే కూలేముంటుందమ్మా, చీర కూలిలోనే ఇదీ" అంది. ఆ మాటకి మా అమ్మాయి మళ్ళీ నా వంక చూసింది. రెండ్రోజుల్లో అది నా వంక అలా చూడ్డం అది రెండోసారి.

మధ్యాహ్నం ఇంట్లో తోడన్నం, ఆవకాయ, రసాలు. పొయ్యి వెలగలేదు. మా అత్తగారు రెండోసారి వడ్డించుకుని, తన చిన్నప్పుడు వేసవంతా పొద్దున ఇదే తిండి అన్నారు. ఎవరికీ ఏ రోగమూ రాలేదు.

ఇదంతా చదివి మా పక్కింటావిడ లాంటి వాళ్ళు అంటారని తెలుసు, "నలుగురికి వండి పెట్టడంలో ఉన్న తృప్తి నీకు తెలీదు" అని. నాకు బాగా తెలుసమ్మా. మా ఆడపడుచు పిల్లలు నా పులిహోర కోసం కొట్టుకుంటుంటే నా కడుపు నిండుతుంది. ఆ తృప్తి కోసమే కదా, "మీరెళ్ళండి, నేనుంటాలే" అని నేనే ముందు అన్నది. మొదటి రెండేళ్ళు ఎవరో ఒకరు రమ్మని బతిమాలారు కూడా. తర్వాత మానేశారు. నేను లేకపోతే ఇల్లు నడవదన్న గర్వం కొంచెం నాకూ ఉంది, లేదని అబద్ధమాడను. కానీ ఆ గర్వం చూసి మా అమ్మాయి నేర్చుకున్నది నా పులిహోర కాదు. ఇల్లాలంటే చెప్పులేసుకునే వాళ్ళకి తలుపు తీసే మనిషి అని. రేపు అది ఎవరింటి గుమ్మంలోనో నించుని "మీరెళ్ళండి, నేనుంటాలే" అంటే నేను తట్టుకోలేను.

ఇంకో మాట, ఇది మగవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకి. ఆడవాళ్ళు బయటికి రానంటే వంట ఒక్కటే కారణం కాదు. ఆ రెండ్రోజుల్లో ఒకచోట, ఎక్కడో చెప్పను, బాత్‌రూమ్‌కి తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. రోళ్ళు పగిలే ఎండలో నేనూ మా అమ్మాయీ నీళ్ళు తాగడం మానేసి కూర్చున్నాం. మా వాడికీ వాళ్ళ నాన్నకీ ఆ సంగతే తెలీదు, వాళ్ళకి చెట్లున్నాయి. కొత్తగా దీపాలు, బొమ్మలు, సెల్ఫీలు దిగే అక్షరాలు పెట్టేముందు ఆ తాళం తీయించండి. చూసిరాదగ్గ చోట్లు అని రాసే పేపరువాళ్ళు కూడా దూరం, టికెట్టు పక్కన ఆ ఒక్క సంగతి రాస్తే, ఆ పేజీ నేను కత్తిరించి దాచుకుంటాను.

నిన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. మొన్న అమరావతి చూడలేదు కదా, ఈ వారం వాళ్ళ తోటికోడలు వాళ్ళతో కలిసి వస్తారట.

"వదినా, ఆదివారం నీ పులిహోర ఉండాల్సిందే. వాళ్ళకి చెప్పేశాను" అంది.

"రండి. శనివారం చేస్తాను. ఆదివారం ఇంట్లో ఉండను" అన్నాను.

"అయ్యో, ఊరెళ్తున్నావా? ఎక్కడికి?"

"మంగళగిరికి" అన్నాను.